గట్టు మీద కుర్చీ

హిందూపురం కాలేజీలో నేను తెలుగు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ముక్కు మీద కోపం ఉన్న మేడం అని పిల్లలు నా వెనక అనుకుంటారు. అబద్ధమేమీ కాదు. అయితే నా కోపానికి ఒక పాఠం ఉందని వాళ్లకు తెలియదు. పోయిన ఏడాది నుంచి, జానపద గేయాల పాఠం వచ్చే వారం నేను అయినదానికీ కానిదానికీ విరుచుకుపడతాను. సెలవు పెట్టి తప్పించుకోవచ్చు కదా అంటే, ఆ గంట ఇంకొకరు వెళ్లి చెప్తారు. నేను రాసిన పుస్తకమే చేతిలో పెట్టుకుని చెప్తారు. అదింకా ఘోరం. అందుకని నేనే వెళ్తాను.

ఆ పుస్తకం నా పీహెచ్‌డీ. అందులో ఒక అధ్యాయం అంతా ఒకే పాట గురించి. మా ఊరు పెనుకొండకు, ధర్మవరానికి మధ్యలో పెద్దరోడ్డు వదిలి లోపలికి ఉంటుంది. మా ఊరి చేలలో వేరుశనగ కలుపు తీస్తూ ఆడవాళ్లు పాడే పాట అది.

ఒక సాలు అయిపాయె సామీ, అంబలొచ్చె గట్టుమిందికి
రెండు సాళ్లు అయిపాయె సామీ, మజ్జిగొచ్చె ముంత నిండా

ఇట్లా మొదలై ఏడు సాళ్ల దాకా పోతుంది. ఒక్కో సాలు ముగిసేసరికి ఆసామి కూలివాళ్లకు ఒక్కో మేలు చేస్తాడు. మూడో సాలుకు వక్కాకు ఇస్తాడు. నాలుగో సాలుకు కాసేపు నీడన కూర్చోమంటాడు. ఏడో సాలుకు ఇక చాలు ఇళ్లకు పోండని బండి కట్టిస్తాడు. ఆ ఆసామి మా తాత. పాటలో పేరు లేదు గానీ ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, మా ఇంట్లో మరీ బాగా తెలుసు.

భూమి ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య ఈ కరువు నేలలో పగే కాదు, ఒక మమత కూడా ఉండేదని, దానికి ఈ పాటే సాక్ష్యమని నేను రాశాను. శ్రమ మరిచిపోవడానికి పాట పుట్టిందని కూడా రాశాను. అది నాకంటే ముందు చాలామంది రాసిన మాటే. పరీక్షలో అడిగితే పది మార్కుల ప్రశ్న. పిల్లలు బట్టీపట్టి రాస్తారు, నేను టిక్కు పెడతాను.

ఆ పాట రికార్డు చేసిన రోజు నాకు బాగా గుర్తు. పాతికేళ్ల కిందటి మాట. హైదరాబాదులో కొన్న టేప్ రికార్డరు భుజాన వేసుకుని ఊరికి వచ్చాను. ఎక్కడెక్కడికో తిరిగి పాటలు సేకరించేవాళ్లను చూసి నవ్వుకున్నాను, మా చేలోనే గని ఉంటే ఊళ్లు పట్టుకు తిరగడం దేనికని. ఉదయం పది గంటలకే ఎండ చురుక్కుమంటోంది. పదిహేను మంది ఆడవాళ్లు వరసగా వంగి కలుపు తీస్తున్నారు. గట్టు మీద ఇనుప మడత కుర్చీ వేసుకుని, నల్ల గొడుగు పట్టుకుని మా నాయన కూర్చున్నాడు. ఆయన ఉంటే వాళ్లు మొహమాటపడతారేమో, లేచి వెళ్లమందామా అని ఒక క్షణం అనుకున్నాను. మళ్లీ, ఆయన చేలో ఆయన కూర్చుంటే నాకెందుకని ఊరుకున్నాను. నేను మాత్రం పాట అందుకునే ఆమె పక్కనే సాలు వెంట నడిచాను. క్యాసెట్టులో పాట కన్నా ఆమె ఊపిరి, ఆమె చేతి పార మట్టిలో దిగే చప్పుడు దగ్గరగా వినిపిస్తాయి. కూలివాళ్ల ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడి సేకరించానని ముందుమాటలో గొప్పగా రాసుకున్నాను కూడా.

ఆ క్యాసెట్టు మొదట్లో ఒక చిన్న తడబాటు ఉంది. ఆమె ఏదో అర చరణం ఎత్తుకుంటుంది. అది నేను రాసుకున్న పాటలో లేని చరణం. అంతలోనే దూరం నుంచి ఇంకొక గొంతు “అంబలొచ్చె గట్టుమిందికి” అని అందుకుంటుంది. ఈమె టక్కున ఆపి అందులోకి మళ్లుతుంది, అందరూ మళ్లుతారు. పాడేవాళ్లకు చరణాల వరస మరుపున పడిందని నేను పేజీ అడుగున ఒక పాదసూచిక రాసి, ఆ అర చరణాన్ని వదిలేశాను. నా గైడు అది చదివి, పరిశోధన అంటే ఇట్లా శుభ్రంగా ఉండాలని మెచ్చుకున్నాడు.

తాత గురించి కూడా చెప్పాలి. ఆయన ఒళ్లో కూర్చుని నేను వేయించిన శనక్కాయలు తిన్నాను. పొట్టు ఊది ఊది గింజలు నా అరచేతిలో పెట్టేవాడు. నాకు జ్వరం వస్తే తెల్లారేదాకా మంచం పక్కన కూర్చునేవాడు. ఆయన పోయినప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆ పుస్తకం ఆయనకే అంకితమిచ్చాను. ఇంత ఎందుకు చెప్తున్నానంటే, నాకు ఆయన మీద ప్రేమ ఇప్పటికీ పోలేదు. పోయుంటే ఈ నాలుగు మాటలు రాయడం సులువయ్యేది.

పోయిన ఏడాది చిన్నాయన కొడుకు పెనుకొండ నుంచి ఫోన్ చేశాడు, ఒకసారి ఇంటికి రమ్మని. నాకంటే పదేళ్లు చిన్నవాడు. చేయి తిరిగిన కాంట్రాక్టరు, మనిషి చెడ్డవాడు కాదు. అక్కా అని పిలిచి ఎదురొస్తాడు, తినేదాకా కదలనివ్వడు. స్థానిక ఎన్నికల్లో నిలబడాలని అతని ఆలోచన. అంతకుముందే రోడ్డు ఊళ్లోకి తిరిగే చోట, ఊరి మొగదాల తాత విగ్రహం పెట్టాలనుకున్నాడు. విగ్రహం కింద నల్లరాతి పలక, ఆ పలక మీద నా పుస్తకంలోని పాట ఏడు చరణాలూ. అప్పటికే ఆ రాగానికి వేరే మాటలు కట్టించి, ఆటోకు మైకు పెట్టి తిప్పడానికి ఒక పాట కూడా తయారు చేయించాడు. అందులో ఒక సాలుకు సిమెంటు రోడ్డు, రెండో సాలుకు తాగునీళ్లు. సెల్‌ఫోన్లో వినిపిస్తే నాకు నవ్వొచ్చింది. ఆ పాట అందుకునే ముసలామెను వెతికి పట్టుకుంటే విగ్రహం తెరిచేనాడు పిలిచి చీర కప్పుదామన్నాడు. ఊరు వదిలి ధర్మవరంలో కూతురి దగ్గర ఉంటోందని విన్నాడట. నేను వెళ్లి పిలుస్తానని ఒప్పుకున్నాను. అప్పటికి నాకు ఏ అనుమానమూ లేదు.

ధర్మవరంలో మగ్గాల వీధులు వెతకడం తేలిక, వాటిల్లో ఒక మనిషిని వెతకడం కష్టం. నలుగురిని అడిగి ఒక సందులోకి తిరిగేసరికి ఆ రాగం వినిపించింది. సందేహం లేదు, అదే రాగం. మగ్గం చప్పుడుకు, రాట్నం చప్పుడుకు మధ్య నలుగురైదుగురు ఆడవాళ్ల గొంతులు. నాకు భలే సంతోషం వేసింది. చేను వదిలి వచ్చినా పాట వదల్లేదు, ఇది మళ్లీ ఒక వ్యాసానికి పనికొస్తుందని కూడా అనుకున్నాను. రెండడుగులు వేశాక మాటలు తెలిశాయి. అవి నా పుస్తకంలో మాటలు కావు. అంబలి లేదు, మజ్జిగ లేదు. నేను గుమ్మం ముందు చెప్పులు విడుస్తుండగా లోపల వాకిలి వైపు తిరిగి కూర్చున్నామె నన్ను చూసింది. చూసీ చూడగానే “మజ్జిగొచ్చె ముంత నిండా” అని అందుకుంది. తక్కినవాళ్లు తలెత్తకుండానే అందులోకి మళ్లారు. చేతులు ఆగలేదు, రాట్నాలు ఆగలేదు. పాతికేళ్లు నా క్యాసెట్టులో ఉన్న తడబాటు నా కళ్ల ముందే మళ్లీ జరిగింది.

ఒక చెప్పు విడిచి ఒక చెప్పుతో నేను అట్లాగే నిలబడిపోయాను.

ఆమె నన్ను గుర్తుపట్టింది. బాగా ముసలిదైంది, చేతులు మాత్రం పట్టుదారం కండెలకు చుట్టడంలో చురుగ్గా ఉన్నాయి. చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలం కూడా ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లం, మా అవ్వ వయసున్న కూలివాళ్లను సైతం అట్లాగే పిలిచేవాళ్లం. ఈసారి నేను అక్కా అన్నాను. ఆమె మాత్రం అప్పటిలాగే పాపా అంది. యాభై దాటిన నన్ను. వాళ్లంతా నేల మీద కూర్చుని ఉంటే, కూతురు పక్కింటికి పోయి నా కోసం ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. మగ్గం గుంతలో నడుము దాకా దిగి నేస్తున్న అల్లుడు తల మాత్రం ఊపి మళ్లీ పనిలో పడ్డాడు.

విగ్రహం సంగతి చెప్పకముందే, ఇందాక పాడింది ఏ పాట అని అడిగాను. అదే పాట కదా పాపా, నువ్వు రాసుకున్నదే అని తప్పించుకుంది. నేను వదల్లేదు. మొండితనం మా వంశంలోనే ఉంది. టీ తాగి, ఊరి వాళ్ల మంచీ చెడ్డా అన్నీ అయ్యాక, తక్కిన ఆడవాళ్లు భోజనాలకు వెళ్లాక, చేతిలో పని ఆపకుండా చెప్పింది.

“గట్టు మింద మనిషి లేనప్పుడు ఒక పాట, ఉంటే ఒక పాట. రాగం ఒకటే. కడ సాలులో ఉండే ఆయమ్మ గట్టు దిక్కు ఒక కన్నేసి పెడ్తాది. మనిషి కనపడంగానే గట్టు పాట అందుకుంటాది. మేమంతా దాంట్లోకి మళ్లుకుంటాము. తల ఎత్తి చూసే పనే లేదు.”

అది వాళ్ల పనిలో ఒక భాగం. కొత్తగా కూలికి వచ్చిన పిల్లకు కలుపేదో పైరేదో నేర్పినట్టే, గట్టు పాట ఎప్పుడు అందుకోవాలో నేర్పుతారు. కడ సాలుకు కంటిచూపు బాగున్నామెనే పెడతారు. చేలు వదిలి ధర్మవరం వచ్చినా, వాకిలి వైపు ఒకామె తిరిగి కూర్చోవడం వాళ్లకు అలవాటైపోయింది. ఇక్కడ గట్టు ఎవరిది, ఎవరు వస్తే అందుకుంటారు అని అడిగాను. పట్టు ఇచ్చే సేటు మనిషి వస్తే అందుకుంటామని నవ్వింది. మరి గట్టు మీద ఎవరూ లేనప్పుడు పాడే సాలు పాటలో ఏముందని అడిగాను. పాట మాటలు చెప్పలేదు, సంగతి చెప్పింది. పాటకు ముందు జరిగిన సంగతి.

ఆమెకు ముందు వాళ్లమ్మకు ఒక మగబిడ్డ. నెల నిండని పసిగుడ్డుతోనే వాళ్లమ్మ కలుపుకు వచ్చింది, రాకపోతే తర్వాత పనికి పిలవరు. బిడ్డను గట్టు పక్క వేపకొమ్మకు చీర ఊయల కట్టి పడుకోబెట్టింది. ఆ రోజు గట్టు మీద మా తాత ఉన్నాడు. మొదటి సాలు ముగిసేసరికి బిడ్డ ఏడ్చాడు. పాలిచ్చి వస్తానని అడిగింది. ఈ సాలు కానీ అన్నాడు. రెండో సాలు ముగిసింది. మళ్లీ అడిగింది. ఒకదాన్ని పోనిస్తే అందరూ లేస్తారు అన్నాడు. మూడో సాలుకు రవికె తడిసిపోయింది. ఒక్కో సాలుకు అడగడం, ఒక్కో సాలుకు కాదనడం. ఆరో సాలులో ఉండగా ఏడుపు ఆగింది. నిద్రపోయినాడు చూడు, ఊరికే హడావుడి చేస్తివి అని మా తాత నవ్వాడట. ఏడో సాలు అయ్యాక పోనిచ్చాడు.

“మా అమ్మ పాడ్లేదు పాపా. ఆయమ్మకు నోరే రాలేదు. ఆ దినం సాళ్లల్లో ఉన్న తక్కినోళ్లు కట్టినారు. ఎవురికీ చెప్పుకునే దిక్కు లేదు కదా. యాడ చెప్తారు. అందుకని పాడుకున్నారు.”

గట్టు పాట తర్వాత పుట్టింది. ఒకనాడు తాత గట్టు మీదికి వచ్చేసరికి రాగం ఆగిపోతే అనుమానం వస్తుందని, అప్పటికప్పుడు ఎవరో అదే రాగానికి ఆయన కాదన్నవన్నీ ఆయన ఇచ్చినట్టు మార్చి పాడారట. ఆయన విని మురిసిపోయాడు. మళ్లీ పాడమన్నాడు. పండక్కి ఇంటి ముందుకు పిలిచి పాడించుకున్నాడు. నేను చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని విన్నది అదే. మూడు తరాలు మా ఇంట్లో మురిపెంగా విన్న పాట, మమ్మల్ని అసలు పాటకు దూరంగా ఉంచడానికి కట్టిన పాట.

ఆ రోజు విగ్రహం మాట నేను ఎత్తలేదు. రైలెక్కి హిందూపురం వచ్చేదాకా కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. పెనుకొండ కొండ వచ్చింది, పోయింది. మర్నాడు అటక మీది పాత టేప్ రికార్డరు దింపి, బాగు చేయించి ఆ క్యాసెట్టు విన్నాను. అర చరణం ఉంది. కడ సాలు గొంతు ఉంది. నేను తడబాటు అని రాసిన చోటే అసలు పాట మొదలై ఆగింది. ఆ అర చరణం ఏమిటో ఇప్పుడు నాకు అర్థమైంది, ఇక్కడ మాత్రం రాయను. నా మీద నాకే అసహ్యం వేసింది. నాయన మీద కోపం కూడా వచ్చింది. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు గానీ, ఆయన ఆ రోజు ఆ కుర్చీలో కూర్చోకుండా ఉంటే నా పుస్తకం ఇంకొక పుస్తకం అయ్యేది కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో.

పెనుకొండ వెళ్లి తమ్ముడితో పాట పలక వద్దన్నాను. కారణం అడిగాడు. పాట గురించి నేను తప్పుగా రాశాను అన్నాను. అతను నా వైపు జాలిగా చూశాడు. రాయి చెక్కడం అయిపోయిందన్నాడు. “నీ పుస్తకమే కదక్కా. నీ మాటే కదా రాయిలోకి ఎక్కింది. ఇప్పుడు తప్పంటే ఎవురు చెప్పినారని అడగరా జనం?” అన్నాడు. అందులో బెదిరింపు లేదు, మామూలుగానే అన్నాడు. అదే నన్ను కట్టిపడేసింది. ఎవరు చెప్పారని ఎవరైనా అడిగితే నేను ఎవరి పేరు చెప్పాలి? ఆ ముసలామె మనవరాలు మా ఊళ్లోనే అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ఆ ఉద్యోగం ఇప్పించింది తమ్ముడే.

ధర్మవరం మళ్లీ వెళ్లాను. సభలో నిజం చెప్పేస్తానని ఆమెతో అన్నాను. ఆమె భయపడుతుందనుకున్నాను. విసుక్కుంది.

“నువ్వు చెప్తే చప్పట్లు నీకు కొడతారు పాపా. మర్సటి దినం మా ఇంటికాడికొచ్చేది వాళ్లు.”

మింగలేక, కక్కలేక నెల రోజులు గడిపాను. కాలేజీలో సరిగ్గా అప్పుడే ఆ పాఠం. శ్రమను మరిచిపోవడానికి పాట పుట్టిందని చెప్తుంటే నా గొంతు నాకే పరాయిదిగా వినిపించింది. ఈ ఆడవాళ్లు ఒక్క సంగతి మరవకుండా ఉండడానికి డెబ్బై ఎనభై ఏళ్లు పాడుకున్నారు. ఆ మాట తరగతిలో అనలేకపోయాను. పిల్లలు నేను చెప్పిందే రాసుకుంటున్నారు. గంట కొట్టేదాకా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

విగ్రహం తెరిచే రోజు వచ్చింది. ఊరి మొగదాల షామియానా, కుర్చీలు, పూలదండలు. వేదిక మీద నాకూ ఒక కుర్చీ. ఆడవాళ్లను వేదిక ముందు జంబుఖానా మీద కూర్చోబెట్టారు. ధర్మవరం నుంచి ఆమెను కారులో తెచ్చారు. కొత్త చీర కప్పి దండ వేశారు, ఆమె దండ తీసి పక్కన పెట్టుకుంది. రాతి పలక మీద గుడ్డ లాగారు. పాట మెరుస్తోంది. కింద, సేకరణ అని నా పేరు. అది చూసేసరికి నాకు ఒళ్లు మండింది. ఇక ఊరుకోకూడదనిపించింది. చెప్పొద్దన్న మనిషి ఎదురుగా ఉందని తెలిసి కూడా మైకు దగ్గరికి వెళ్లాను. నమస్కారాలు చెప్పాను. “ఈ పాట గురించి నేను రాసిన దాంట్లో ఒక పెద్ద తప్పుంది” అన్నాను. తమ్ముడు కుర్చీలో ముందుకు వంగాడు.

జంబుఖానా చివర నుంచి ఒక గొంతు లేచింది. “ఒక సాలు అయిపాయె సామీ, అంబలొచ్చె గట్టుమిందికి.” ఇంకో క్షణంలో ఇరవై గొంతులు. మైకు నా చేతిలో ఉంది, నా మాట నాకే వినపడడం లేదు. జనం చప్పట్లు మొదలుపెట్టారు, పాట పాడించడానికే మేడం ఇట్లా ఎత్తు వేసిందనుకున్నారు. తమ్ముడి మొహం విచ్చుకుంది. ఆ ముసలామె నా కళ్లలోకి చూస్తూ పాడింది. ఏడు సాళ్లూ పాడింది, బండి కట్టించేదాకా. పాట అయ్యింది. ధన్యవాదాలు అని వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

భోజనాల దగ్గర ఆమె నన్ను పక్కకు పిలిచింది. నేను కోప్పడతానేమో అనుకుంది, నేను ఏడ్చాను. అందరూ చూస్తున్నారని కొంగు అడ్డం పెట్టింది.

“మీ తాత సంగతి నీది పాపా, నువ్వు రాసుకుంటే వద్దనను. పేర్లు పెట్టొద్దు. పాట మాత్రం మాది. మాకు అదొక్కటే ఉండాది. దాన్ని ముట్టుకోవద్దు.”

అందుకే ఇక్కడ పేర్లు లేవు, సాలు పాట లేదు. మా తాత ఒక బాలింతను బిడ్డకు పాలివ్వడానికి పోనివ్వలేదు. బిడ్డ చచ్చిపోయాడు. ఇది నాది, నేను రాస్తున్నాను.

రాసింది ఆమెకు చదివి వినిపించాకే ఎవరికైనా చూపాలనుకున్నాను. ఇప్పుడు ధర్మవరం వెళ్తే నేను సందు మొగదాలే ఆగి ఫోన్ చేస్తాను, వస్తున్నానని చెప్తాను. కాసేపు నిలబడి అప్పుడు వెళ్తాను. పాడుకునేవాళ్లు ఏది పాడుకుంటున్నా ముగించుకుంటారు కదా. వెళ్లేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, మగ్గం ఒక్కటే ఆడుతుంటుంది. మొన్న కూడా అట్లాగే వెళ్లాను. పక్కింటి కుర్చీ వచ్చింది. కూర్చుని, ఈ పేజీలన్నీ మొదటి నుంచి చదివాను. ఆమె రాట్నం తిప్పుతూ వింది. తాత దగ్గర ఆపలేదు, విగ్రహం దగ్గర ఆపలేదు. అంతా అయ్యాక రాట్నం ఆపి, మొదట్లో చెప్పింది మళ్లీ చదవమంది. పొలం, ఎండ, గట్టు మీద మా నాయన.

“ఆ దినం మీ నాయన ఊర్లోనే లేకపాయె పాపా. పెనుకొండకు కోర్టు వాయిదాకు పోయిండె.”

నేను కాదన్నాను. కుర్చీ, గొడుగు, అన్నీ నాకు కళ్లకు కట్టినట్టు గుర్తున్నాయని చెప్పాను.

“కుర్చీ ఉండె, గొడుగు ఉండె. నువ్వు ఆ టేపు పెట్టెను నా కొంగులో కట్టి పోతివి. ఇంటికి పోయినావనుకోని నేను మా పాట ఎత్తుకుంటి. ఎండకు తాళలేక పొయ్యి కుర్చీలో కూర్చున్నది నువ్వే.”

క్యాసెట్టులో ఆమె ఊపిరి ఎందుకు అంత దగ్గరగా ఉందో అప్పుడు తెలిసింది. మొదట రాసింది దిద్దలేదు. పాతికేళ్లు నేను ఎట్లా గుర్తుపెట్టుకున్నానో అట్లాగే ఉండనీ అని వదిలేశాను.

కాగితాలు మడిచి, నేల మీద ఆమె పక్కన కూర్చుందామని లేచాను. ఆమె కండె మార్చుకుని మళ్లీ రాట్నం మీద చెయ్యి వేసింది.

“కూర్చో పాపా,” అంది, “ఆడ్నే కూర్చో.”

కూర్చున్నాను.